సీసాలోని ఏగిస అడవికి చేరేదాకా: మందు చెట్ల విషయంలో టిష్యూ కల్చర్ చేయగలిగినదీ, చేయలేనిదీ

మొక్క నుంచి కోసిన చిన్న ముక్కను సీసాలో పోషించి కొత్త మొక్కలను పుట్టించడమే టిష్యూ కల్చర్. వరంగల్ చుట్టుపక్కల రైతులకు ఆ మాట కొత్తదేమీ కాదు. గ్రాండ్ నైన్ అరటి మొక్కలు ఒకే ఎత్తున, ఒకే ఈడున ట్రేల్లో వచ్చి, తోటంతా ఒకేసారి గెల వేయడం చాలామంది చూసిందే. కనుక ఏటూరునాగారం, తాడ్వాయి, పాకాల ప్రాంతాల అడవుల్లో పలచబడుతున్న మందు చెట్లను కూడా ప్రయోగశాలలో వేలకు వేలు పుట్టించి తిరిగి అడవిలో నాటవచ్చు కదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. నాటవచ్చు. అయితే అరటికి కుదిరిన పద్ధతి అడవి చెట్టుకు ఎక్కడెక్కడ కుదరదో, కుదిరిన చోట కూడా దాని వల్ల ఏది పెరుగుతుందో, ఏది పెరగదో విడదీసి చూడకపోతే ఈ పని ఖరీదైన నర్సరీగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

మొదట ఈ చెట్లు ఎందుకు అరుదవుతున్నాయో చూడాలి, ఎందుకంటే అందుకు కారణాలు ఒక్కో చెట్టుకు ఒక్కో రకంగా ఉన్నాయి. దశమూలారిష్టంలో వాడే పది వేళ్లలో ఐదు పల్లేరు, వాకుడు వంటి చిన్న మొక్కలవి కాగా, మిగిలిన ఐదూ మారేడు, గుమ్మడి టేకు, నెల్లి, కలిగొట్టు, దుండిలం అనే చెట్లవి. చిన్న మొక్కను వేరుతో సహా పీకినా వచ్చే వానలకు రాలిన గింజ మొలుస్తుంది. చెట్టు వేరు తవ్వితే మాత్రం ఏళ్ల తరబడి పెరిగిన చెట్టు ఒక్క రోజులో పోతుంది, దానితో పాటు అది రాల్చవలసిన గింజలూ పోతాయి. ఏగిసది మరో కథ. దాని చేవతో చేసిన గ్లాసులో రాత్రి నీళ్లు పోసి ఉంచి, రంగు మారిన ఆ నీటిని పొద్దున చక్కెర వ్యాధికి తాగే అలవాటు దేశమంతటా ఉంది. చేవ కావాలంటే ముదిరిన చెట్టునే కొట్టాలి. పైగా ఏగిస గింజ గట్టి కాయ పెంకులో బిగుసుకుని ఉంటుంది, రాలిన కాయల్లో మొలకెత్తేవి తక్కువ. తపసి చెట్టును బంక కోసం గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టి, మానే వ్యవధి ఇవ్వకుండా మళ్లీ మళ్లీ గాయపరచడం వల్ల అది ఎండిపోతోంది. నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి ప్రధానంగా మందు చెట్టుగా పేరు పొందకపోయినా, గింజ పెంకు గట్టిదనం వల్ల సహజంగా మొలకెత్తడం కష్టమై, కొయ్య కోసం నరకడం మాత్రం ఆగక, ఇదే వరుసలో చేరింది.

ఈ జాబితాలో అన్నిటికీ టిష్యూ కల్చర్ అవసరం లేదన్నది నా అభిప్రాయం. మారేడు, గుమ్మడి టేకు గింజలతో మామూలు నర్సరీలోనే చక్కగా వస్తాయి. దుండిలం గింజ పలుచని కాగితం లాంటి రెక్కతో ఉంటుంది, తాజాగా ఉన్నప్పుడు మట్టిలో వేస్తే మొలవడానికి మొండికేయదు. దానికున్న చిక్కంతా కాయ పండే దాకా చెట్టును బతకనివ్వకపోవడంలోనే ఉంది. గింజ మొలవని చోట, గింజే దొరకని చోట, లేదా ఎంపిక చేసిన ఒక మేలైన చెట్టు గుణాలు చెక్కుచెదరకుండా కావలసిన చోట మాత్రమే ప్రయోగశాల ఖర్చుకు తగిన ఫలితం ఉంటుంది. ఈ లెక్కన ముందు వరుసలో నిలిచేవి ఏగిస, పొణికి, తపసి.

పద్ధతి వెనుక ఉన్న ఆలోచన నూరేళ్లకు పైబడినది. మొక్కలోని ప్రతి సజీవ కణంలోనూ పూర్తి మొక్కగా మారగల శక్తి దాగి ఉంటుందని, తగిన పోషణ ఇస్తే దానిని బయటకు రప్పించవచ్చని ఆస్ట్రియాకు చెందిన శాస్త్రవేత్త గాట్లీబ్ హేబర్లాంట్ 1902లో ఊహించాడు. ఆయన తన కణాలను విభజన దాకా తీసుకుపోలేకపోయాడు, ఎందుకంటే అప్పటికి మొక్కల హార్మోన్ల సంగతే తెలియదు. 1957లో స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు పొగాకు కణజాలంపై చేసిన ప్రయోగాలతో అసలు కీలకం దొరికింది. ఆక్సిన్, సైటోకైనిన్ అనే రెండు రకాల హార్మోన్లలో సైటోకైనిన్ పాలు ఎక్కువైతే కణజాలం రెమ్మలు వేస్తుంది, ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేళ్లు వేస్తుంది, రెండూ సమంగా ఉంటే ఏ ఆకారమూ లేని కణాల ముద్దగా పెరుగుతుంది. ఆ ముద్దనే కేలస్ అంటారు. ఈ రసాయనాల్లో కొన్ని పొలం పనుల్లోనూ వేరే రూపంలో వాడుకలో ఉండడం ఒక విశేషం. పొలంలో కలుపు మందుగా చల్లే 2,4-డి ప్రయోగశాలలో లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల మోతాదులో కేలస్‌ను పుట్టించే ఆక్సిన్‌గా పనిచేస్తుంది. పత్తి కోతకు ముందు ఆకు రాల్చడానికి కొన్ని దేశాల్లో వాడే థయాడయాజురాన్ అంతకన్నా తక్కువ మోతాదులోనే మొండి చెట్ల కణుపుల నుంచి గుత్తులుగా రెమ్మలు రప్పిస్తుంది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ఏగిస మొలకలపై ఈ రసాయనంతోనే ఫలితం సాధించారు. దానిని ఎక్కువ రోజులు ఉంచితే రెమ్మలు సాగకుండా గిడసబారిపోతాయి కనుక, కొద్ది వారాల తరువాత అది లేని మాధ్యమంలోకి మార్చవలసి ఉంటుంది.

మాధ్యమం అంటే మొక్క ముక్కకు సీసాలో పెట్టే ఆహారం. లవణాలు, విటమిన్లు, లీటరుకు 30 గ్రాముల చక్కెర, హార్మోన్లు కలిపి, పీహెచ్‌ను 5.8 దగ్గర నిలిపి, జిగురు పదార్థమైన అగర్‌తో గట్టిపరచి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరి వేడి దగ్గర సూక్ష్మజీవులన్నిటినీ చంపిన తరువాతే దీనిని వాడతారు. ప్రపంచంలో ఎక్కువగా వాడే మురాషిగె–స్కూగ్ మాధ్యమం 1962లో పొగాకు కోసం రూపొందినది, అందుకే అందులో లవణాలు బాగా చిక్కగా ఉంటాయి. ఆ చిక్కదనానికి చాలా చెట్ల జాతులు తట్టుకోలేవు. ఆకు కొనలు మాడడం, రెమ్మలు గాజులా పాలిపోవడం కనిపిస్తుంది. లాయిడ్, మెకోన్ 1980లో కలప మొక్కల కోసం ప్రత్యేకంగా ఇచ్చిన సూత్రంలో అమ్మోనియం నైట్రేట్ లీటరుకు 400 మిల్లీగ్రాములే, పొగాకు సూత్రంలో అది 1650. ఒక జాతికి ఏది నప్పుతుందో పుస్తకం చూసి చెప్పలేం. ప్రతి జాతికీ నెలల తరబడి పోల్చి చూసుకోవలసిందే, ఒక్కోసారి ఒకే జాతిలో చెట్టుకూ చెట్టుకూ కూడా తేడా వస్తుంది.

ఇక ముక్కను సీసాలోకి ఎక్కించడమే మొదటి గండం. అడవిలో పెరిగిన కొమ్మ మీద దుమ్ము, బూజు బీజాలు, బాక్టీరియా ఉంటాయి. కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లో ముంచి, 0.1 శాతం మెర్క్యురిక్ క్లోరైడ్ వంటి విష ద్రావణంలో కొన్ని నిమిషాలు ఉంచి, మళ్లీ శుద్ధమైన నీటితో పలుమార్లు కడిగాక, వడగట్టిన శుభ్రమైన గాలి వీచే లామినార్ ఎయిర్‌ఫ్లో బల్ల ముందు కూర్చుని నాటుతారు. పై బూజు ఇలా పోతుంది కానీ, ముదురు చెట్టు కాండం లోపలి నాళాల్లో కాపురం ఉండే బాక్టీరియా ఏ కడుగుడుకూ లొంగదు, రెండు మూడు నెలల తరువాత శుభ్రంగా కనిపించిన సీసాలోనే ముక్క అడుగున పాలలాంటి తెల్లని తెట్టుగా బయటపడుతుంది. వానాకాలంలో తెచ్చిన కొమ్మలైతే సగానికి సగం బూజుకే పోవచ్చు. ఆకు రాల్చిన చెట్టు కొత్త చిగురు తొడిగే పొడి రోజుల్లో తెచ్చినవి నయం. మందు చెట్లకు మరో చిక్కు కూడా ఉంది. వాటికి మందు గుణాన్ని ఇచ్చే పదార్థాల్లో చాలా భాగం ఫీనాల్ జాతివి; కోసిన చోట అవి కారి, గాలి తగిలి గోధుమరంగుకు తిరిగి, మాధ్యమాన్ని నల్లబరచి, ముక్కనే చంపుతాయి. ఏగిస, తపసి రెండూ కోస్తే స్రవించే చెట్లే. ఆస్కార్బిక్ ఆమ్లంలో నానబెట్టడం, మాధ్యమంలో బొగ్గు పొడి కలపడం, మొదటి వారంలో రెండు మూడు రోజులకొకసారి కొత్త సీసాలోకి మార్చడం వంటి ఉపాయాలతో దీనిని అదుపు చేస్తారు.

అసలు పీటముడి ఏ వయసు కణజాలంతో మొదలుపెట్టాలన్న దగ్గర ఉంది. పరిశోధన పత్రాలలో కనిపించే విజయాల్లో ఎక్కువ భాగం మొలకలతో సాధించినవి. గింజను సీసాలోనే మొలిపించి, రెండు మూడు వారాల మొలక నుంచి బీజదళాల దగ్గరి కణుపును కోసి పెడితే అది చురుకుగా రెమ్మలు వేస్తుంది, వేళ్లూ వేస్తుంది. సూక్ష్మజీవుల బెడదా ఉండదు. అలీగఢ్ ఏగిస కూడా మొలక కణుపు నుంచి వచ్చినదే. అయితే ఆ మొలక ఎలాంటి చెట్టు అవుతుందో ఎవరికీ తెలియదు. దాని చేవలో మందు పదార్థం ఎంత ఉంటుందో, కరువుకు అది ఎంత తట్టుకుంటుందో తేలడానికి దశాబ్దాలు పడుతుంది. మేలైనదని ఇప్పటికే రుజువైన చెట్టు కావాలంటే అడవిలో నిలబడి ఉన్న ముదురు చెట్టు దగ్గరికే వెళ్లాలి, ఆ చెట్టు కొమ్మేమో సీసాలో మొండికేస్తుంది. వయసు పెరిగే కొద్దీ కణజాలం వేరు వేసే స్వభావాన్ని కోల్పోవడమే దీనికి కారణం. చెట్టంతా ఒకే వయసులో ఉండదన్న సంగతి ఇక్కడ అక్కరకు వస్తుంది: పై కొమ్మల కొనలు ప్రౌఢ దశలో ఉంటే, మొదలు దగ్గరి కణజాలం లేత దశ లక్షణాలను నిలుపుకుని ఉంటుంది. అందుకే నరికిన మొద్దు నుంచి వచ్చిన పిలకలను, మొదలులో నిద్రాణంగా ఉన్న మొగ్గల నుంచి రప్పించిన రెమ్మలను ఎన్నుకుంటారు. లేదా ముదురు కొమ్మ కొనను లేత మొక్క మీద అంటుకట్టి, ఆ అంటు నుంచి మళ్లీ అంటు కడుతూ, కొన్ని వరుసల్లో దానిని తిరిగి లేతబరుస్తారు. ఈ శ్రమకు ఫలితం ఉంటుందని మన దేశంలోనే రుజువైంది. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల శాస్త్రవేత్తలు 1980లో నూరేళ్ల వయసున్న టేకు చెట్ల మొగ్గల నుంచి మొక్కలను పుట్టించినట్లు ప్రకటించారు. టేకుకు లభించినంత డబ్బు, కాలం, మనుషులు దుండిలానికీ, తపసికీ లభించలేదు. మందు చెట్ల మీది పని చాలావరకు విశ్వవిద్యాలయాల్లో ఒక పీహెచ్‌డీ వ్యవధిలో మొదలై ఆ వ్యవధిలోనే ముగుస్తుంది. వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయంలోనూ మందు మొక్కల కణజాల వర్ధనంపై చాలాకాలంగా పరిశోధన సాగుతోంది. అక్కడైనా, మరెక్కడైనా, తేలిన పద్ధతిని సిద్ధాంత గ్రంథం నుంచి నర్సరీ దాకా నడిపించే బాధ్యత ఎవరి మీదా ప్రత్యేకంగా పెట్టకపోవడమే లోపం.

సీసాలో నిలదొక్కుకున్న రెమ్మను కణుపు కణుపుగా కోసి, ఒక్కో ముక్కను కొత్త సీసాలో పెడుతూ సంఖ్య పెంచుతారు. నెలకు ఒక రెమ్మ మూడు అవుతుందనుకుంటే ఆరు నెలలకు 729 రెమ్మలవుతాయి. వాటిలో 70 శాతానికి వేళ్లు వస్తే 510, బయటి గాలికి అలవాటు పడేవి అందులో 60 శాతమైతే 306. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలు మాత్రమే, అయినా చెట్ల విషయంలో ఇవేమీ నిరాశాజనకమైనవి కావు. తొందరపడి కేలస్ మార్గం పడితే సంఖ్య ఇంకా వేగంగా పెరుగుతుంది, కానీ ఆ కణాల ముద్దలో జన్యు మార్పులు తలెత్తే అవకాశమూ పెరుగుతుంది. తల్లి గుణం కోసమే ఇంత కష్టపడుతున్నప్పుడు కణుపు మొగ్గల మార్గమే నమ్మకమైనది. తల్లీ పిల్లలూ ఒకటేనా అన్నది డీఎన్‌ఏ గుర్తులతో అప్పుడప్పుడు సరిచూసుకోవాలి.

వేళ్లు వేయించడానికి ఐబీఏ అనే ఆక్సిన్ ద్రావణంలో రెమ్మ మొదలును కొద్దిసేపు ముంచి, తరువాత హార్మోన్ లేని, లవణాలు సగానికి తగ్గించిన మాధ్యమంలో నిలబెడతారు. ఆ మొక్క సీసా బయటికి వచ్చిన తొలి నెలలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. సీసాలో తేమ నిండుగా ఉంటుంది, చక్కెర సిద్ధంగా దొరుకుతుంది, అందువల్ల ఆకు మీద మైనపు పొర సరిగా ఏర్పడదు, పత్రరంధ్రాలు మూసుకోవడం నేర్చుకోవు. అలాంటి మొక్కను 25 డిగ్రీల గది నుంచి నేరుగా వరంగల్ వేసవిలోకి తెస్తే గంటల్లోనే వాడిపోతుంది. కాబట్టి పొగమంచులా నీరు చిమ్మే పాలీహౌస్‌లో మొదలుపెట్టి, తేమను రోజురోజుకూ తగ్గిస్తూ, తరువాత నీడ వలల కిందికి మార్చి, కాండం గట్టిపడ్డాకే ఆరుబయట పెట్టాలి. అడవిలో నాటడం మృగశిర, ఆరుద్ర కార్తెల వానలతో మొదలు కావాలి కనుక, ఆ మొక్క అంతకుముందు రోహిణి కార్తె ఎండలను నర్సరీలోనే దాటి ఉండాలి; ప్రయోగశాల పట్టికను ఈ తేదీల నుంచి వెనక్కి లెక్కించి వేసుకోవాలి. మరో సంగతి తరచూ మరుగున పడుతుంది. ఏగిస పప్పుజాతి చెట్టు, దాని వేళ్లపై బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని అందించే బాక్టీరియా అడవి మట్టిలో సహజంగా ఉంటుంది. సీసాలోని వేరుకు ఆ బాక్టీరియా గానీ, భాస్వరాన్ని అందుకోవడంలో తోడ్పడే శిలీంధ్రాలు గానీ ఎన్నడూ తగలవు. గట్టిపరిచే దశలోనే తల్లి చెట్టు మొదట్లోని మట్టిని కొంత కుండీలో కలపడం ఖర్చు లేని పని, పైగా చెట్టు తరువాతి జీవితానికి అవసరమైనది.

ఇంతవరకు చెప్పినవన్నీ ఓపికతో, డబ్బుతో దాటగలిగిన ఇబ్బందులే. టిష్యూ కల్చర్ స్వభావంలోనే ఉన్న పరిమితి వేరే ఉంది: అది సంఖ్యను పెంచుతుంది, వైవిధ్యాన్ని పెంచదు. ఒక్క చెట్టు నుంచి పుట్టిన పదివేల మొక్కలూ జన్యుపరంగా ఆ ఒక్క చెట్టే. తోటలో ఒకేసారి కోతకు రావాలనుకునే అరటి రైతుకు అది వరం, అడవికి మాత్రం ముప్పు. ఒక తెగులు వచ్చినా, ఒక అనావృష్టి వచ్చినా అన్నీ ఒకే తీరున స్పందిస్తాయి. పొణికిలో మగ, ఆడ చెట్లు వేరువేరుగా ఉంటాయి. పూత చూడకుండా తెచ్చిన ఒక్క చెట్టు కొమ్మతో నర్సరీ అంతా నింపితే, ఆ చెట్టు ఆడదైనా మగదైనా, నాటిన అడవిలో ఇతర పొణికిలు దగ్గరలో లేకుంటే ఒక్క కాయ కూడా కాయదు. పూతకు వచ్చేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు కూడా.

తల్లి చెట్లను ఒకే చోటి నుంచి తెచ్చుకోవడంలోని ప్రమాదాన్ని ములుగు జిల్లా ఈమధ్యనే కళ్లారా చూసింది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వీచిన పెనుగాలికి కొద్ది సమయంలోనే వేలాది చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. అరుదైన జాతి ఏదైనా ఆ ఒక్క చోటనే గుంపుగా ఉండి ఉంటే దాని జన్యు సంపద అంతా ఆ సాయంత్రంతో పోయేది. అందువల్ల కవ్వాల్, ఏటూరునాగారం, పాకాల, కిన్నెరసాని వంటి దూరదూరపు అడవుల నుంచి, ఒకదానికొకటి సోదర సంబంధం లేనంత ఎడంగా ఉన్న పదుల కొద్దీ తల్లి చెట్లను ఎన్నుకుని, ఒక్కో దాని నుంచి కొన్ని వందల మొక్కలను మాత్రమే తీయడం అడవికి మేలు. ప్రయోగశాలకు ఇది తలనొప్పి వ్యవహారం, ఎందుకంటే ప్రతి తల్లి చెట్టుకూ మాధ్యమం సరిచూసుకోవాలి, సంఖ్యలు ఘనంగా కనిపించవు. ఎన్ని లక్షల మొక్కలు పంపిణీ చేశారన్న ఒక్క అంకెతోనే పనిని కొలిచే చోట ఈ పద్ధతికి మద్దతు దొరకడం కష్టమని తెలిసే చెబుతున్నాను. ఆ తల్లి చెట్ల మొగ్గలను ద్రవ నత్రజనిలో, సున్నాకు దిగువన 196 డిగ్రీల చలిలో భద్రపరిచే సదుపాయం ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థలో ఉంది. నాటడం ఆలస్యమైనా, తల్లి చెట్టు కూలినా జాతి జాడ మిగలడానికి అది ఆసరా.

టిష్యూ కల్చర్ వల్ల చెట్టు త్వరగా పెరుగుతుందన్న భ్రమ కూడా కొందరిలో ఉంది. వేగం పుట్టించడంలోనే ఉంది, పెరగడంలో లేదు. ఏగిస కాండంలో చేవ ఏర్పడాలంటే సీసాలో పుట్టినా, గింజ నుంచి పుట్టినా ఏళ్లకు ఏళ్లు పడుతుంది, మందు పదార్థాలు ఉండేది ఆ చేవలోనే. కనుక ఈరోజు నాటే మొక్క ఈ తరం మందుల గిరాకీని తీర్చదు. ఈలోగా అడవిలో మిగిలిన ముదురు చెట్లను కొట్టకుండా, తవ్వకుండా కాపాడకపోతే రేపు కొమ్మ కోయడానికి తల్లి చెట్టే ఉండదు. తల్లి చెట్లు ఎక్కడున్నాయో అందరికన్నా బాగా తెలిసినది అడవిలో తిరిగే కోయ, గోండు, నాయక్‌పోడు కుటుంబాలకు; వారి తోడ్పాటు తీసుకున్నప్పుడు వచ్చే ప్రయోజనంలో వారికి వాటా ఉండాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టమే చెబుతోంది. అభయారణ్యం నుంచి కొమ్మ తేవాలన్నా అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.

పని విభజన ఎలా ఉండాలన్నది ఆచరణకు సంబంధించిన చివరి చిక్కు. సీసా దశ విశ్వవిద్యాలయంలోనో, అటవీ కళాశాలలోనో జరగాలి. ములుగులోని అటవీ కళాశాల అంటే జిల్లా కేంద్రమైన ములుగు అనుకునేవారు ఉన్నారు, అది సిద్దిపేట జిల్లాలోని ములుగు. గట్టిపరిచే రెండో దశకు హరితహారం కాలం నుంచి గ్రామ పంచాయతీల్లో నడుస్తున్న నర్సరీలు పనికివస్తాయి, వాటికి కావలసినవి నీడ వలలు, శిక్షణ పొందిన ఒక మనిషి, నిలకడైన నీరు. ప్రతి సంచికీ తల్లి చెట్టు సంఖ్య రాసిన చీటీ కట్టాలి. పొణికి అయితే మగదో ఆడదో కూడా రాయాలి. నాటేటప్పుడు ఒకే సంఖ్య గలవి పక్కపక్కన పడకుండా కలిపి నాటాలి. నాటిన రోజు లెక్కతో సరిపెట్టకుండా, మూడు వేసవులు గడిచిన తరువాత ఏ తల్లి చెట్టు పిల్లలు ఎన్ని మిగిలాయో లెక్కించి ఆ అంకెలను ప్రయోగశాలకు తిరిగి పంపాలి. తరువాతి విడతకు ఏ చెట్టు కొమ్మ కోయాలో, ఏది వదిలేయాలో అప్పుడే తేలుతుంది.